అన్నిటికీ ఒకటే మాట

ఆ మంగళవారం ఉదయం మునీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు మౌలాలిలో బస్సెక్కాలి. ఎనిమిదింటికల్లా మారేడ్‌పల్లిలో ఆఫీసు తాళం తీయాలి. పదకొండింటికి మందుల కంపెనీ ఆయన వచ్చేలోగా రెండు పెట్టెల మీదా దుమ్ము తుడవాలి. ఆయన వచ్చి, యంత్రం తిరగడం చూసి, తల ఊపి వెళ్ళిపోతే భార్య ఖమర్ బీ కట్టిచ్చిన జొన్నరొట్టె ప్రశాంతంగా తినాలి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అంతకన్నా పెద్ద ఆశ పెట్టుకోవడం మానేసి చాలాకాలమైంది.

ఆఫీసంటే ఒక డాబా మీద మూడు గదులు. కింది వాటాలో సూరి ఇంటర్నెట్ సెంటరు, పైన సన్యాసిరాజు కంపెనీ. సన్యాసిరాజుకూ మునీర్‌కూ ఇరవై రెండేళ్ళ సావాసం. ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఒకాయన సూపర్‌వైజరు, ఇంకొకాయన మెకానిక్కు. కర్మాగారం మూతపడిన రోజున మూడువందల మంది గేటు దగ్గర ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, మళ్ళీ కలుద్దామని చెప్పుకుని, తలో దారీ పట్టారు. కలుద్దామన్నవాళ్ళలో చాలామంది కలవలేదు. కొందరు ఇక కలవరు కూడా. ఈ ఇద్దరు మాత్రం ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసుకుని కూర్చున్నారు.

"ప్రోగ్రాము నాను రాస్తాను. పెట్టె నువ్వు చెయ్యి మునీర్ భాయ్."

"చేస్త సార్."

కంపెనీ పుట్టుక అంతే.

మింగిన మాత్ర కడుపులో ఎంతసేపటికి కరుగుతుందో గాజు జాడీల్లోని గోరువెచ్చటి నీళ్ళలో తిప్పి చూపించే యంత్రం వాళ్ళ సరుకు. యంత్రాన్ని కంప్యూటరుకు కలిపే ఇనప పెట్టె మునీర్ చేతిపని. పెట్టెతో మాట్లాడే ప్రోగ్రాము సన్యాసిరాజు రాసినది, ఇప్పుడు భానుప్రియ అనే అమ్మాయి చూసుకుంటున్నది. ఊరంతా కంప్యూటరు నేర్చుకుని హైటెక్ సిటీ దారి పట్టిన రోజులవి. కంపెనీలో చేరినవాళ్ళు చేరినట్టే వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరు వెళ్ళినా ఉప్మా పెట్టి, అందరినీ గోడకు నిలబెట్టి ఒక ఫొటో తీయడం అక్కడి ఆనవాయితీ. గోడ మీద అలాంటివి పదకొండు ఉన్నాయి. మునీర్ ఒక్కదాంట్లోనూ లేడు. తీసినవాడు ఆయనే కనుక.

ఆయనకు ప్రోగ్రాము మీద ఒకే ఒక్క ఫిర్యాదు. పెట్టెతో ఏ తేడా వచ్చినా తెర మీద ఒకటే మాట పడేది: 'డివైస్ నాట్ ఫౌండ్'. పెట్టె కనబడలేదట. తీగ ఊడినా అదే. స్విచ్ వేయకపోయినా అదే. కంప్యూటరులో ఎవరైనా ఏదైనా చెడగొట్టినా అదే.

"గా మాట పడ్డదంటే అందరు నా మొకమే చూస్తరు" అనేవాడు మునీర్. "తప్పెవరిదైనా తెర మీద నా పేరు రాసినట్టే."

ఏ తప్పుకు ఆ మాట విడిగా రాస్తానని భానుప్రియ మూడుసార్లు అడిగింది. సన్యాసిరాజు మూడుసార్లూ వద్దన్నాడు. "కొన్నోడికి మనింటి గుట్టు ఎందుకమ్మా? ఇన్ని రకాలుగా చెడిపోద్దని మనమే చెప్పుకుంటామేటి?"

ఆ మంగళవారం మునీర్ తాళంచెవి తీసేసరికి తలుపు తీసే ఉంది. లోపల కర్పూరం వాసన. కొబ్బరికాయ కొట్టి ఉంది. యంత్రానికి బొట్టు పెట్టి ఉంది. కంప్యూటరు ముందు సన్యాసిరాజు నుదుటి నిండా కుంకుమతో కూర్చుని ఉన్నాడు.

"ఏంది రాజు సార్, గింత పొద్దుగాల?"

"మంగళారం, అమాస. రెండూ ఒక్కరోజే వచ్చి నా నెత్తిన పడ్డాయి. బుధవారం రండి బాబూ అంటే ఆ మందుల కంపెనీ బ్రహ్మచారి గారు ఒప్పుకోలేదు. చెయ్యాల్సిందేదో నాను చేసీసాను. యంత్రానికి ఇంక ఏ దోషమూ తగల్దు." అని గొంతు తగ్గించాడు. "మునీర్ భాయ్, ఈ బేరం పోతే పెట్టెలు చెయ్యడం మానీమంటున్నారు బేంకోళ్ళు. బయటి దేశం పెట్టెలు కొని, ప్రోగ్రాము ఒక్కటే అమ్ముకోమంటున్నారు."

పెట్టెలు మానేస్తే మూలనున్న తన బల్లతో, ఆ బల్ల ముందున్న మనిషితో పని ఉండదు. ఆ మాట సన్యాసిరాజు చెప్పలేదు, మునీర్ అడగలేదు. బట్ట తీసుకుని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

తొమ్మిదింటికి మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో భానుప్రియ వచ్చింది. బ్యాగు భుజాన ఉండగానే యంత్రం ఆన్ చేసి, ప్రోగ్రాము తెరిచి, మీట నొక్కింది.

డివైస్ నాట్ ఫౌండ్.

మిగతా ఇద్దరూ మునీర్ ముఖం చూశారు.

"తీగ సరిగ్గ కూసోలేదేమో" అని మునీర్ తీగను లాగి, కంప్యూటరు వెనక ఉన్న రెండో సాకెట్‌లో పెట్టాడు. అదే సమయానికి, సాకెట్ పాడైందేమోనని భానుప్రియ కూడా ప్రోగ్రాములో రెండో సాకెట్‌కు మార్చింది. మాట మారలేదు. దాంతో మునీర్ తీగను మళ్ళీ మొదటిదాంట్లో పెట్టాడు. భానుప్రియ మాత్రం రెండోదాని దగ్గరే ఆగింది. మాట మారలేదు. ఇది తెలుసుకుని ఇద్దరూ ఒక్కచోటికి వచ్చేసరికి పావుగంట పోయింది. అప్పటికీ మాట మారలేదు.

సన్యాసిరాజు కిందికి వెళ్ళి సూరిని పట్టుకొచ్చాడు. సూరి నలభై ఏళ్ళవాడు. కంప్యూటర్ల సంగతి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం.

"మీ కంప్యూటర్ పోయింది సార్. నా దగ్గర కొత్తదొకటుంది, తెస్తా."

తెచ్చాడు. దానికి కరెంటు కావాలి కనుక బల్ల కింద చేయిపెట్టి ఏదో ఒక ప్లగ్గు పీకి తనది గుచ్చాడు. పీకినది పెట్టె ప్లగ్గు. భానుప్రియ పాత కంప్యూటరులో ఇంకా తంటాలు పడుతూనే ఉంది. ఆ పది నిమిషాలూ పెట్టెకు నిజంగానే ప్రాణం లేదు. తెర మాత్రం మాట మార్చలేదు. ప్లగ్గు సంగతి మునీర్ చూసి, మళ్ళీ పెట్టినప్పుడూ మార్చలేదు.

కొత్త కంప్యూటరులో ప్రోగ్రాము ఎక్కించడం అయింది. మీట నొక్కబోతుంటే సన్యాసిరాజు అడ్డుపడ్డాడు.

"ఆగమ్మా! ఇదీ కొత్తగా మొదలెట్టడమే గదా. దీనికీ ఓ హారతి ఇచ్చేస్తాను. రెండు నిమిషాలు అందరూ బయటికెళ్ళండి."

"ఇప్పుడు హారతేంది సార్?" అన్నాడు సూరి.

"ఎల్లవయ్యా!"

ముగ్గురూ వరండాలో నిలబడ్డారు. లోపల గంట మోగింది. మునీర్ తన పెదవులు కదుపుతూ తనకు తెలిసిన ప్రార్థన తాను చేసుకున్నాడు. రెండు వైపుల నుంచీ అడిగితే పనవుతుందేమోనని.

లోపలికి వచ్చి మీట నొక్కారు. డివైస్ నాట్ ఫౌండ్.

"కంప్యూటర్ బాగనే ఉంది, ఇంక పెట్టెనే" అని సూరి తేల్చేశాడు. నిజానికి అతని లోపల వేరే భయం ఉంది. నిన్న ఆ కంప్యూటరులో వైరస్ దూరింది. తీసేశాననుకున్నాడు. ఇప్పుడు వీళ్ళ యంత్రానికి కూడా అంటించానా అని చెమటలు పడుతున్నాయి. అందుకే మరింత గట్టిగా అన్నాడు. "నూటికి నూరుపాళ్ళు పెట్టెనే!"

భానుప్రియకు కూడా ఒక భయం ఉంది. అది ఎవరికీ తెలియదు.

మునీర్ బీరువాలోంచి రెండో పెట్టె తీశాడు. మొదటిదాన్ని శనివారం, దీన్ని నిన్న సోమవారం, తానే చేతులారా పరీక్ష చేశాడు. పరీక్ష చేసిన తేదీని పెట్టె తనలోనే రాసుకుంటుంది. రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి. రెండో పెట్టెకు కొత్త తీగ తగిలించాడు.

డివైస్ నాట్ ఫౌండ్.

ఇప్పుడు లెక్క చాలా స్పష్టంగా ఉంది. రెండు కంప్యూటర్లు మార్చారు, రెండు తీగలు మార్చారు, రెండు సాకెట్లు మార్చారు. మారనిది ఒక్కటే, రెండు పెట్టెలనూ చేసిన మనిషి.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద దగ్గు వినిపించింది. బ్రహ్మచారి గారు ఇరవై నిమిషాలు ముందే వచ్చారు. మందుల కంపెనీలో యంత్రాల మంచిచెడ్డలు చూసే పెద్దాయన. జేబులో అగ్గిపెట్టె, అందులో పరీక్షకు తెచ్చిన నాలుగు మాత్రలు. తెర వైపు చూశారు, మాట చదివారు, కుర్చీ లాక్కున్నారు.

"కానీండి. నేను కూర్చుంటా" అన్నారు.

"ఒక్క అయిదు నిమిషాలండీ! చిన్న లూజు కనెక్షను" అన్నాడు సన్యాసిరాజు, నవ్వబోయి.

అప్పుడు మునీర్ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు.

"లూజు కనెక్షన్ కాదు సార్. నేను చెప్త." బ్రహ్మచారి గారి వైపు తిరిగాడు. "నా కండ్లు పోయినయి. ఆర్నెల్లాయె. పొర వచ్చింది. గీ రెసిస్టర్ల మీద ఏది ఎంతదో చెప్పే రంగు గీతలు కనబడ్తలేవు. ఎరుపేదో గోధుమేదో తెలుస్తలేదు. ఇంటికి తీస్కపోయి ఖమర్ బీకి చూపెడ్తున్న. ఆమె రంగు చెప్తది, నేను పెడ్త. నెలల సంది ఆమె కండ్లతోనే పెట్టెలు చేస్తున్న. ఎక్కడనో ఒక రంగు తప్పయింది. మీ మెషీన్ ఖరాబ్ చేసింది నేనే."

"ఆర్నెల్లా?" అన్నాడు సన్యాసిరాజు. "నాకు చెప్పలేదేటి భాయ్?"

"చెప్తే ఇంట్ల కూసోబెడ్తవు గద సార్."

మునీర్ తన బల్ల దగ్గరికి నడిచాడు. చిమటా, భూతద్దం, కర్మాగారం రోజుల నాటి చిన్న పట్టకారు ఒక్కొక్కటే సంచీలో వేసుకున్నాడు. సోల్డరింగ్ ఐరన్ తీగను మెల్లగా చుట్టడం మొదలుపెట్టాడు, రోజూ సాయంత్రం చుట్టినట్టే. ఇరవై రెండేళ్ళు చూసిన సాయంత్రం ఆ రోజు పొద్దున పదకొండింటికే వచ్చేసింది.

సన్యాసిరాజుకు ఏం చేయాలో తోచలేదు. మనిషి వెళ్ళిపోతుంటే ఆ ఆఫీసులో చేసేది ఒకటే.

"ఫొటో..." అన్నాడు. కెమెరా తీసి అలవాటు కొద్దీ మునీర్‌కే అందించాడు.

మునీర్ కెమెరా వైపు చూసి, గోడ వైపు చూసి, తిరిగి ఇచ్చేశాడు. "వద్దు సార్. నన్ను తీసేటోళ్ళు లేరు."

బ్రహ్మచారి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. సూరి, "నా కంప్యూటర్‌ల గూడ వైరస్..." అని ఏదో గొణిగి ఊరుకున్నాడు. ఆ తీగ చుట్టడం చూడలేక భానుప్రియ లేచి నిలబడింది.

"సార్, నేనొక తప్పు చేశాను."

"నువ్వు కూడానా?" అన్నాడు సన్యాసిరాజు నీరసంగా.

"మీరు వద్దన్నా, ప్రోగ్రాములో ఏ తప్పుకు ఆ మాట విడివిడిగా రాసేశాను. ఆదివారం వచ్చి పెట్టాను. మీకు తెలియకూడదని దాచేశాను. ఒక మీట నొక్కితేనే కనబడతాయి. పొద్దుటి నుంచి నా రాతవల్లే చెడిందేమోనని భయపడి నొక్కలేదు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "చాచా, ఆగండి. నా తప్పయితే నేనే వెళ్తాను. ఎట్లాగూ..." అని ఆపేసి, మీట నొక్కింది.

తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగైదు వాక్యాలను బ్రహ్మచారి గారు కుర్చీలోంచి లేచి పైకి చదివి, తెలుగులో చెప్పారు.

"పెట్టె దొరికింది. కరెంటు ఉంది. తీగ బాగుంది. అడిగినదానికల్లా పెట్టె జవాబు చెబుతోంది. అయితే ఈ పెట్టెను పరీక్ష చేసినది రాబోయే సోమవారం. ఈ కంప్యూటరు ప్రకారం ఈ రోజు గురువారం. ఇంకా రాని రోజున పరీక్ష చేసిన పెట్టెను ఒప్పుకోవడం కుదరదు. కంప్యూటరు తేదీ సరిచూసుకోండి."

అర్థమయ్యాక అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. ఈసారి మునీర్ వైపు కాదు.

"నా కంప్యూటర్ సుత గురువారమేనా సార్?" అన్నాడు సూరి.

సన్యాసిరాజు నుదుటి కుంకుమ చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది.

"పోయిన గురువారం... దశమి" అన్నాడు. "దివ్యమైన రోజు. యంత్రానికి మంగళారం అని తెలీకపోతే దోషం ఉండదని..."

"హారతి ఇస్తానని మమ్మల్ని బయటికి పంపి, తేదీ మార్చారా?" అంది భానుప్రియ.

"హారతీ ఇచ్చానమ్మా" అన్నాడు సన్యాసిరాజు నిజాయితీగా.

పోయిన ఏడాది డిసెంబరులో, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్ల తేదీ తారుమారవుతుందని ప్రపంచమంతా వణికిపోయింది. ఏమీ కాలేదు. మారేడ్‌పల్లిలో ఒక మనిషి కొబ్బరికాయ కొట్టి మరీ ఆ లోటు తీర్చాడు.

భానుప్రియ తేదీ సరిచేసింది. యంత్రం చిన్నగా మూలిగి, జాడీల్లో తెడ్లు తిరగడం మొదలైంది. బ్రహ్మచారి గారు అగ్గిపెట్టె తెరిచి తన మాత్రలు తానే వేశారు. అవి కరుగుతున్నంతసేపూ కన్నార్పలేదు. తరువాత అంకెలు చూశారు, తన చిన్న పుస్తకంలో చూసుకున్నారు, మళ్ళీ అంకెలు చూశారు.

"ఈ పెట్టెకు రంగులు చూసినామె పేరేమన్నారు?"

"ఖమర్ బీ" అన్నాడు మునీర్, గుమ్మం దగ్గరి నుంచి.

"ఒక్క రంగు తప్పు కాలేదు." ఆయన సన్యాసిరాజు వైపు తిరిగారు. "చూడండీ, యంత్రాలు మా దగ్గర పద్నాలుగున్నాయి. అన్నీ బయటి దేశానివే. ఏది ఆగినా ఒకటే మాట చెబుతాయి. ఏం పోయిందో తెలీదు, ఎవరివల్లో తెలీదు. పోయిన సంవత్సరం ఒక యంత్రం రెండు నెలలు ఆగింది. ముగ్గురి ఉద్యోగాలు తీసేశాం. చివరికి చూస్తే ఎలుక తీగ కొరికింది." అగ్గిపెట్టె మూశారు. "ఆ ముగ్గుర్లో ఒకాయన ఇప్పుడు లేడు. నాకు యంత్రం ఎవడైనా ఇస్తాడు. ఇట్లా నిజం చెప్పేది కావాలి. చెడిపోయే దారులన్నీ ఇందులో ఉన్నాయా అమ్మా?"

"ఏడు రాశాను సార్. నాకు తెలిసినవి అంతే."

"మొత్తం ఎన్నుంటాయి?"

ఆమెకు తెలియదు. సన్యాసిరాజు పైకప్పు చూశాడు.

"నలభై మూడు" అన్నాడు మునీర్.

"అంత కరెక్టుగా ఎట్లా చెప్తున్నారు?"

"అన్ని నా నెత్తి మీదికే వచ్చినయి గద సార్. ఒక్కటి సుత మర్చిపోలే."

బ్రహ్మచారి గారు నవ్వలేదు. ఆయన నవ్వే మనిషిలా లేరు. "ఆ నలభై మూడూ రాయండి. మూడు నెలల టైము. పెట్టెలు ఈయనే చెయ్యాలి, కళ్ళు బాగుచేయించుకుని. అప్పటిదాకా ఆమె కళ్ళతోనైనా సరే" అని అగ్గిపెట్టె జేబులో వేసుకుని మెట్లు దిగారు.

సన్యాసిరాజు క్షమించమని అడగలేదు. అడగడం ఎలాగో ఆయనకు ఎప్పుడూ తెలియదు. మునీర్ భుజాన ఉన్న సంచీ తీసుకుని, అందులోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి, చుట్టిన తీగంతా విప్పి, మూల బల్ల దగ్గర ప్లగ్గులో పెట్టాడు. స్విచ్ వేయడం మరిచిపోయాడు. మునీర్ వేసుకున్నాడు.

సాయంత్రం జరిగిందంతా విని ఖమర్ బీ తినని రొట్టె డబ్బా తెరిచి చూసింది. "నా కండ్లకేం రోగం? గోధుమ రంగంటే గోధుమ రంగే" అంది. డబ్బా మళ్ళీ మూసి, "పొరొచ్చిందని సార్‌కు చెప్పినవా మరి? నేను చెప్పమంటే ఇన్నొద్దులు ఇన్నవా?" అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ మూడు నెలలూ మునీర్ ఉద్యోగం పెట్టెలను చెడగొట్టడం. రోజుకొక రకంగా తీగ తెంపేవాడు, నీళ్ళు పోసేవాడు, దుమ్ము చల్లేవాడు. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు. భానుప్రియ పక్కన కూర్చుని ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట రాసేది. నలభై మూడోది పూర్తయిన రోజున ఆమె తన బ్యాగులోంచి ఒక ఉత్తరం తీసింది. హైటెక్ సిటీలో ఉద్యోగం. ఆ మంగళవారం నాటికే చేతిలో ఉన్నదట. అప్పుడు 'ఎట్లాగూ' అని ఆగిపోయిన మాట ఇదే.

ఉప్మా పెట్టారు. ఫొటో సన్యాసిరాజు తీశాడు. అందులో భానుప్రియ తల సగం తెగింది. మునీర్ మాత్రం మధ్యలో నిండుగా ఉన్నాడు, కంటికి ఆపరేషను అద్దాలతో, ఎవరినో సాగనంపడానికి వచ్చి తానే ఫొటోలో పడిపోయినవాడిలా. గోడ మీద అది పన్నెండోది.

వెళ్ళే ముందు భానుప్రియ ఎవరికీ చెప్పకుండా నలభై నాలుగో మాట కూడా రాసి వెళ్ళింది: కంప్యూటరు తేదీ ఎవరైనా వెనక్కు జరిపితే, యంత్రం ఆగి, జరిపిన గంటా నిమిషంతో సహా తెర మీద చెబుతుంది.

వచ్చిన మంగళవారమే ఆ మాట తెర మీద పడింది. ఆ మరుసటి వారం నుంచి ఆఫీసుకు వారపు సెలవు ఆదివారం కాకుండా మంగళవారమైంది.